నోరు మూయించిన సంతకం

చట్టాన్ని బాగుచేస్తామని నగరం నుంచి వచ్చినవాళ్ళు ముందుగా బల్లలు జరపడం మొదలుపెట్టారు. బల్లలు వరసగా ఉంటే జనానికి బెరుకుగా ఉంటుందట, గుండ్రంగా వేస్తే మనసు విప్పి మాట్లాడతారట. టాల్గరా ఊరి మాజీ సైనికుల క్లబ్బులో ఆ బల్లలు ఎన్నో ఏళ్ళుగా వరసగానే ఉన్నాయి. వాటిమీద మోచేతులు ఆనించి ఆ ఊరి జనం చెప్పుకోని సంగతంటూ లేదు. ఆ మాట వాళ్ళకి చెప్పే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. మెడలో గుర్తింపు కార్డుల పట్టీలు వేలాడుతున్నవాళ్ళు నలుగురైదుగురు ఆయాసపడుతూ బల్లలు ఈడుస్తుంటే వెర్నా మూల కుర్చీలో కూర్చుని చూసింది.

"చూడక్కా, పెళ్ళి చేసేట్టున్నారు," అన్నాడు పక్కనున్న మెర్వ్. అతను వెర్నాకి చిన్నాన్న కొడుకు. గనిలో పని మానేసిన దగ్గరనుంచీ వెటకారమే అతని వృత్తి.

"పెళ్ళికైతే తిండన్నా బావుంటుంది. అటు చూడు, ఆకులు చుట్టిపెట్టారు. ఒక సాసేజ్ రోల్ లేదు."

"మనవాళ్ళు ఆకులూ దుంపలూ తిని బతికేవాళ్ళని ఎక్కడో చదివుంటార్లే. మన గౌరవార్థం."

వేదిక మీద 'మీ గొంతే మీ చట్టం' అని రాసిన గుడ్డ కట్టారు. పాతబడిపోయిన వివక్ష నిరోధక చట్టాన్ని తిరగరాయడానికి ప్రభుత్వం వేసిన సమీక్షా సంఘం అది. ఊరూరూ తిరిగి జనం బాధలు వింటుంది, విన్నదాన్ని బట్టి ఏది మార్చాలో, ఏది ఉంచాలో చెబుతుంది. టాల్గరాలో పొద్దున విమానం దిగింది, నాలుగు గంటల విమానం ఎక్కేస్తుంది. మధ్యలో భోజనం కూడా ఉంది.

సంఘానికి పెద్ద డాక్టర్ ఫిలిపా అనే మాజీ న్యాయమూర్తి. ఎర్ర ఫ్రేము కళ్ళజోడు, గోలీకాయలంత పూసల దండ, ఎవరు మాట్లాడినా తల ఒకపక్కకి వాల్చి వినే అలవాటు. ఆమె నేరుగా వెర్నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఆంటీ వెర్నా, ఈ నేల తరఫున మీరు మాకు స్వాగతం పలకడం మా అదృష్టమండీ."

నాకంటే నువ్వే పెద్దదానివి కదే, నీకు నేను ఆంటీని ఎట్లా అయ్యాను, అనుకుంది వెర్నా. తమ పిల్లలు అంటే ముద్దుగా ఉండే మాట ఈమె నోట్లో గౌరవ బిరుదులా గడ్డకట్టి వినిపించింది. వీళ్ళకి ఎవరో ఒకపూట శిక్షణ ఇచ్చి ఉంటారు, పెద్ద వయసు నల్ల ఆడమనిషి కనిపిస్తే ఆంటీ అనండి, చేతులు పట్టుకోండి, కళ్ళలోకి సూటిగా చూడకండి అని. ఫిలిపా నిజంగానే ఆమె చెవివైపు చూస్తూ మాట్లాడింది.

వెర్నా లేచి స్వాగతం చెప్పింది. ఊళ్లో బడి తెరిచినా, వంతెన కట్టినా, మంత్రి వచ్చినా ఆ నేల ఆదివాసుల పెద్దగా ఆమే చెప్పాలి. మా తాతముత్తాతల నేలమీదికి మంచి మనసుతో వచ్చారు, సొంతిల్లనుకుని ఉండండి, అంది. సొంతిల్లు అనే మాటని మాత్రం ఎప్పటిలాగే గబగబా దాటేసింది. ఊరంతటినీ ఇంట్లోకి రమ్మని పిలిచే ఆ మనిషి, ఆ ఊళ్లో ఒక ఇల్లు అద్దెకి తీసుకోవడానికి తన నోరు తాకట్టు పెట్టింది.

ఆ సంగతి ఇది. కూతురు పోయాక ఇద్దరు మనవలు వెర్నా దగ్గరికి వచ్చారు. అప్పుడు ఆమె చెల్లెలి ఇంట్లో, వరండాలో, తెర కట్టుకుని ఉండేది. పిల్లలకి వేరే గది చూపించకపోతే వాళ్ళని ఇంకో ఊళ్లో ఎవరింట్లోనో పెట్టాల్సి వస్తుందని పిల్లల సంక్షేమం వాళ్ళు మర్యాదగానే చెప్పారు. టాల్గరాలో అద్దె ఇళ్ళన్నీ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి, లిండ్సే ప్రౌజ్. వెర్నా ఏ ఇల్లు అడిగినా, అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ, అనేవాడు. చివరికి తెల్లతండ్రి పోలికలు వచ్చిన మేనకోడలు అలా లేదన్న ఒక ఇంటికోసమే ఫోన్ చేసి వెళితే మర్నాడే తాళాలు ఇచ్చాడు. పరుపులు ట్రక్కులో వేసుకుని మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వెర్నా ఆ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో లిండ్సే నిలబడి ఉన్నాడు. పరుపులు దింపకుండానే తిరిగి రావాల్సి వచ్చింది.

ఆమె వివక్ష చట్టం కింద ఫిర్యాదు చేసింది. ఏడాది తిరిగాక అధికారులు ఫోన్‌లో రాజీ కుదిర్చారు. ఇల్లు ఇస్తాడు. తప్పు చేశానని మాత్రం ఒప్పుకోడు. జరిగినదాని గురించీ, రాజీ గురించీ, అసలు రాజీ అనేది ఒకటుందన్న సంగతి గురించీ ఎవరూ ఎక్కడా నోరు విప్పకూడదు. విప్పితే ఇల్లు ఖాళీ చేయాలి. ఇల్లు పోతే పిల్లలు పోతారు. వెర్నా సంతకం పెట్టి, ఆ సాయంత్రమే పిల్లల మంచాలు బిగించుకుంది. ఊరికి మాత్రం, లిండ్సే మనసు మారి ఇల్లిచ్చాడు, పాపం మంచోడే, అన్న కథే మిగిలింది. అతను కూడా ఆ కథని వద్దనలేదు.

ఇవాళ అతను ముందు వరసలో కూర్చున్నాడు. వరసలు లేవు కదా, గుండ్రటి బల్లల్లో వేదికకి దగ్గరగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద ఊరి రగ్బీ జట్టు గుర్తు.

సభ మొదలైంది. బ్రెంట్ అనే మనిషి బల్లబల్లకీ తిరిగి అంటించుకునే రంగు కాగితాలు పంచాడు. "వివక్ష అన్న మాట వినగానే మీకు ఏమనిపిస్తుందో ఒక్క ముక్కలో రాయండి. కోపమైతే ఎరుపు, బాధైతే నీలం, ఆశ ఉంటే పసుపు. తప్పూ ఒప్పూ అంటూ ఏమీ లేవు."

"బాబూ, నల్ల కాగితాలు లేవా?" అన్నాడు మెర్వ్.

బ్రెంట్ మొహం ఎర్ర కాగితంలా అయిపోయింది. "అంటే... నల్ల కాగితం మీద రాస్తే కనబడదు కదండీ..."

"అదేలే బాబూ. మాకూ అదే ఇబ్బంది."

చుట్టుపక్కల బల్లలవాళ్ళు పడీపడీ నవ్వారు. బ్రెంట్ కూడా నవ్వాలో వద్దో తెలియక పళ్ళు బయటపెట్టి, గబగబా అవతలి బల్లకి పోయాడు. వెర్నా తన కాగితం మీద పాలు, రొట్టె, పిల్ల మందు అని రాసుకుని సంచిలో పెట్టుకుంది. కనీసం దానికన్నా పనికొచ్చింది.

తర్వాత ఫిలిపా మాట్లాడింది. చట్టం ఒక జీవమున్న వస్తువట, జనం అనుభవాలే దానికి ఊపిరట. ఈ గది పూర్తిగా సురక్షితమట, ఎవరికైనా గుండె బరువెక్కితే కిటికీ దగ్గర ఒక సలహాదారు కూర్చుని ఉందట. సలహాదారు చెయ్యూపింది. ఒళ్ళు మండిపోయింది వెర్నాకి. ఇల్లు పోతుందన్న భయానికి కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల ఏం సలహా చెబుతుంది, గట్టిగా ఊపిరి పీల్చుకోమంటుందా? ఇంత చదువుకున్న వాళ్ళకి ఒక్కటి తట్టలేదు. బాధపడ్డవాళ్ళు ఫిర్యాదు చేసి ఉంటారనీ, ఫిర్యాదులన్నీ మాట్లాడకూడదన్న సంతకంతోనే ముగిసి ఉంటాయనీ, ఆ సంతకాలు పెట్టించింది తాము బాగుచేస్తామంటున్న ఈ చట్టమేననీ. నోళ్ళు కుట్టేసిన ఊరికి వచ్చి, పాడండమ్మా వింటాం, అంటున్నారు.

"ముందు వ్యాపారస్తుల తరఫున లిండ్సేగారు రెండు మాటలు చెబుతారు," అంది ఫిలిపా.

లిండ్సే లేచి గొంతు సవరించుకున్నాడు. "నేను ఈ ఊళ్లో పాతికేళ్ళనుంచి ఇళ్ళు అద్దెకిస్తున్నాను. నల్లా తెల్లా అని చూసే ఊరు కాదండీ ఇది. మా ఊళ్లో ఎవరిమీదా ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు నిలబడలేదు. ఒక్కటంటే ఒక్కటి. చట్టం బాగానే ఉంది, దాన్ని కెలక్కండి. ఆంటీ వెర్నానే అడగండి, నా ఇంట్లోనే ఉంటోంది." అంటూ ఆమె వైపు తిరిగి నవ్వాడు. "ఏం వెర్నా, బావుందా ఇల్లు?"

ఎంత పొగరు. వెర్నా పళ్ళు బిగించింది. ఏ నోరు మూయించాడో ఆ నోటితోనే బావుందనిపించుకోవాలని చూస్తున్నాడు. గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఫిలిపా తల వాల్చి, కళ్ళు చెమ్మగా చేసుకుని ఎదురుచూసింది.

"కప్పు కారట్లేదు," అంది వెర్నా.

"చూశారా," అన్నాడు లిండ్సే కూర్చుంటూ.

"చాలా విలువైన మాట," అని ఫిలిపా రాసుకుంది. "అయితే టాల్గరాలో చట్టం పనిచేస్తోందని అనుకోవచ్చన్నమాట. సరే, ఇంకెవరైనా ఈ ఊళ్లో తమకి జరిగిన అన్యాయం గురించి చెప్పాలనుకుంటే చెప్పండి. భయపడకండి."

ఎవరూ కదలలేదు. ఫిలిపా కాస్త ఆగింది, తర్వాత వాచీ చూసుకుంది. ఆ చూపులో నిరాశ లేదు, చిన్న ఊరు, త్వరగా తేలిపోయింది అన్న ఊరటే ఉంది. అది చూసి వెర్నాకి ఇంక కూర్చోబుద్ధి కాలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచింది. లిండ్సే మొహంలో నవ్వు పోయింది.

"చెప్పండి ఆంటీ," అంది ఫిలిపా.

"చెప్పడానికేం లేదు."

"మరి..."

"ఏం లేదమ్మా. కాసేపు నిలబడతాను. నిలబడొద్దని నాకెవరూ చెప్పలేదు."

చేతులు ముందుకి కట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడింది. ఇది కూడా నోరు విప్పడం కిందికే వస్తుందేమో, రేపు పొద్దునే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడేమో, పిల్లల మంచాలు మళ్ళీ విప్పాల్సొస్తుందేమో. అయినా ఇప్పుడు కూర్చుంటే అతను చెప్పిందంతా నిజమైపోతుంది.

పక్కన కుర్చీ కిర్రుమంది. మెర్వ్ లేచాడు. మొదట తోడుకి లేచాడనుకుంది వెర్నా. కానీ అతను ఆమె వైపు చూడలేదు, వెటకారం చెయ్యలేదు, గనివాళ్ళు కూర్చున్న బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నడుం నొప్పని నేనే మానేశానక్కా, అని చెబుతూ వచ్చాడు ఆమెతో, ఇన్నాళ్ళూ.

"నువ్వు కూడానా?" అంది వెర్నా గుసగుసగా.

"నాకూ చెప్పడానికేం లేదక్కా."

అవతల బల్ల దగ్గర వృద్ధాశ్రమంలో పనిచేసే లూర్దెస్ లేచింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ నవ్వుతుండేది, ఇప్పుడు నవ్వట్లేదు. కడుపుతో ఉన్నప్పుడు బేకరీలో పని మానేసిన కెర్రీ లేచింది. చక్రాల కుర్చీలో ఉన్న డగ్ లేవలేడు కాబట్టి చెయ్యి పైకెత్తి ఉంచాడు. గది అంతటా ఒక్కొక్క కుర్చీ కిర్రుమంటోంది. ఒకరినొకరు చూసుకుంటున్నారు, నువ్వూనా, నువ్వూనా అన్నట్టు. ఏళ్ళ తరబడి ఒకే క్లబ్బులో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్ళు, తన ఒక్కరి నోటికే తాళముందని ఎవరికి వాళ్ళు అనుకున్నవాళ్ళు. వెర్నాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇక్కడే నగరం వాళ్ళు తాము మాత్రమే చేయగలిగిన తప్పు చేశారు.

ఆ క్లబ్బులో రోజూ సాయంత్రం ఆరింటికి దీపాలు తగ్గిస్తారు. యుద్ధంలో పోయినవాళ్ళ కోసం అందరూ లేచి మౌనంగా నిలబడతారు, చేతిలో గ్లాసుంటే కింద పెడతారు. అద్దం తలుపు అవతల బార్‌లో ఉన్నవాళ్ళు ఈ జనం లేవడం చూసి, టైము తప్పిందేమో అనుకుంటూనే గ్లాసులు పెట్టేసి లేచారు. జూదం మిషన్ల దగ్గరున్న ముసలమ్మలూ, గదిలో ఇంకా కూర్చునున్నవాళ్ళూ లేచారు. ఫిలిపా చుట్టూ చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. మౌనం! ఆదివాసీ పెద్ద ఒకామె లేచి మౌనం పాటిస్తోంది, ఊరంతా ఆమె వెంట లేచింది! ఆమె కళ్ళజోడు తీసి, తల దించి, రెండు చేతులూ గుండెమీద పెట్టుకుంది. ఆమెని చూసి మెడపట్టీల వాళ్ళందరూ తలలు దించారు. సలహాదారు కళ్ళు తుడుచుకుంది. బ్రెంట్ మర్యాద కోసం రికార్డు చేసే మిషన్ ఆపేశాడు.

చక్రాల కుర్చీలోని డగ్ కాక, గదిలో కూర్చున్నవాడు లిండ్సే ఒక్కడే.

అతనికి అంతా అర్థమయింది. ఈ మౌనం ఏమిటో నగరం వాళ్ళలో ఎవరికీ తెలియదు, సంతకాలు పెట్టినవాళ్ళు కాక తెలిసింది ఇతనొక్కడికే. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. లేస్తే వీళ్ళలో ఒకడవుతాడు, లేవకపోతే ఊరి ముందు పరువు పోతుంది. అద్దం తలుపు దగ్గర నిలబడ్డ క్లబ్బు అధ్యక్షుడు కీత్‌కి ఇవేమీ తెలియవు, అతను చేసిన యుద్ధం మాత్రం గుర్తుంది.

"లెగవయ్యా లిండ్సే," అన్నాడు కీత్. "సిగ్గులేదూ? నీ కాళ్ళకేమొచ్చింది?"

"ఇది అది కాదు కీత్."

"ఏదైతేనేం. అందరూ లేచారు. లెగు."

బార్‌లోంచి ఇంకెవడో, "బలిసిందిలే," అన్నాడు. లిండ్సే చెవులు ఎర్రబడ్డాయి. వెర్నా అతన్నే చూస్తోంది. అతను తట్టుకోలేకపోయింది ఆ చూపునే.

"ఎవరి కోసం లెగమంటావ్?" అని కుర్చీ తన్నేసి లేచాడు. "ఎవడు చచ్చాడిక్కడ? ఇదంతా నాటకం! నామీద ఫిర్యాదు చేసి, ఇల్లు తీసుకుని, నోరు మూసుకుంటానని సంతకం పెట్టింది ఇది! ఒప్పందం ఉంది! ఆ లూర్దెస్ కూడా పెట్టింది, వాళ్ళ మేనేజరే నాకు చెప్పాడు! వీళ్ళందరూ డబ్బో ఇల్లో ఏదోటి తీసుకుని సంతకాలు పెట్టినోళ్ళే! ఇప్పుడొచ్చి..."

"ష్..." అంది ఫిలిపా.

తల ఎత్తలేదు, కళ్ళు తెరవలేదు. ఒక వేలు మాత్రం పెదాల మీద పెట్టుకుంది. "దయచేసి... మౌనాన్ని గౌరవిద్దాం, లిండ్సేగారూ."

ఆ రోజు ఆ గదిలో చట్టం గురించి ఎవరైనా చెప్పిన నిజమంటూ ఉంటే అది లిండ్సే అరుపొక్కటే. విని రాసుకోవడానికి వచ్చిన మనిషి దాన్ని ష్ అని ఆపేసింది. ఆమె వినలేదని కాదు, చెవుల్లో పడే ఉంటుంది. కానీ మౌనం మధ్యలో ఎవరో మొరటువాడు అరిచాడన్నదే ఆమెకి అంటింది, ఏమన్నాడో అంటలేదు. పెద్ద చదువులు మనుషుల్ని ఇంత చెవిటివాళ్ళని చేస్తాయని వెర్నాకి అప్పటిదాకా తెలియదు. ఆమె మీద అంతవరకూ కోపంగా ఉండేది. ఇప్పుడు కోపం కూడా దండగే అనిపించింది.

కాసేపటికి ఫిలిపా కళ్ళు తెరిచి, ముక్కు తుడుచుకుంది. "ధన్యవాదాలు ఆంటీ వెర్నా. ఇంత బలమైన క్షణం ఏ ఊళ్లోనూ మాకు దొరకలేదు. మా నివేదికలో తప్పకుండా రాస్తాం." బ్రెంట్ ఆమె చెవిలో ఏదో అన్నాడు. "అవును, విమానం. క్షమించండి, మాకు వేళయింది."

"అమ్మా," అంది వెర్నా. "ఇప్పుడు చెబుతాను. వింటారా?"

"అయ్యో, తప్పకుండా! మా వెబ్‌సైట్‌లో 'మీ గొంతు' అని ఒక బటన్ ఉంటుంది ఆంటీ. నెలాఖరుదాకా తెరిచే ఉంటుంది." మళ్ళీ రెండు చేతులూ పట్టుకుని, చెవివైపు చూసి, వెళ్ళిపోయింది. వెనకాలే మెడపట్టీలూ, చుట్టేసిన గుడ్డా, మిగిలిన ఆకు చుట్టలూ కారెక్కాయి. బల్లలు మాత్రం గుండ్రంగా వదిలేసి పోయారు.

లిండ్సే టోపీ తీసుకున్నాడు. తానేమన్నాడో ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నట్టుంది, మొహం పాలిపోయింది. "వెర్నా, నేను కోపంలో... అది లెక్కలోకి రాదు. నువ్వు మాత్రం మాట్లాడావో, ఇల్లు..."

"రెండు పక్షాలూ నోరు విప్పకూడదని కదా రాసింది," అంది వెర్నా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను విప్పలేదు. నువ్వే విప్పావు. ఇంతమంది విన్నారు."

"ఇదంతా ఏంటి?" అన్నాడు కీత్ అయోమయంగా. "ఒక్క ఫిర్యాదూ లేదన్నావు కదయ్యా ఇందాక?"

లిండ్సే తలుపు వైపు నడిచాడు. కీత్ అడ్డంగా నిలబడ్డాడు, కోపంగా కాదు, క్లబ్బు పెద్దగా.

"సభ అయిపోలేదు. కూర్చో."

లిండ్సే కూర్చున్నాడు. బార్‌లోవాళ్ళు అద్దం తలుపు తీసి లోపలికి వచ్చారు. కుర్చీలు చాలక కొంతమంది గోడకి ఆనుకున్నారు. మెర్వ్ బల్లల్ని మళ్ళీ వరసగా ఈడ్చబోతే వెర్నా వద్దంది.

"చెప్పక్కా," అన్నాడు మెర్వ్. "తర్వాత నేను చెబుతా. తర్వాత లూర్దెస్."

వెర్నా లిండ్సే వైపు చూడలేదు. కెర్రీ వైపూ, డగ్ వైపూ, బార్‌లోంచి వచ్చిన ముసలమ్మల వైపూ చూసింది. వీళ్ళతో కలిసి ఎన్నేళ్ళు కూర్చుందో, వీళ్ళెవరికీ ఒక్క ముక్క చెప్పలేకపోయింది.

"ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఇతను నాతో అన్నాడు," అంది. "మీవాళ్ళకి ఇల్లిస్తే చలికాలం వచ్చేలోగా తలుపులూడదీసి పొయ్యిలో పెడతారు, అన్నాడు. నేను ఊరుకున్నాను. ఇలాంటివి చాలా విన్నదాన్ని. నా మనవరాలు పక్కనుంది, అప్పటికి దానికి ఆరేళ్ళు. పరుపులతో తిరిగొస్తుంటే దారి పొడుగునా ఒకటే అడిగింది, అమ్మమ్మా, మనం నిజంగానే తలుపులు తగలబెడతామా, అని."